ఫైలుకూ లింకు డాక్యుమెంట్లు కావాలి

స్థలం కొనబోయే తెలుగువాడు సేల్ డీడ్ ఒక్కటి చూసి అడ్వాన్సు చేతిలో పెట్టడు. కాగితం కడిగిన ముత్యంలా ఉన్నా, సంతకాలు సక్రమంగా ఉన్నా ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. ఈయనకు ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరి నుంచి సంక్రమించింది, మధ్యలో అన్నదమ్ముల పంపకాలేమైనా జరిగాయా, బ్యాంకు తాకట్టులో ఉందా అని ముప్ఫై ఏళ్లు వెనక్కి తవ్వుతాడు. అంతటితో ఆగడు. అమ్మేవాడు తెచ్చిన కట్టను పక్కనబెట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాడు. కట్ట అమ్మేవాడి చేతిలో ఉండేది, ఈసీ అతని చేతికి అందనిది. ఆ తేడా ఎవరూ పాఠం చెప్పకుండానే మనకు తెలుసు. ఇంత జాగ్రత్తపరుడూ ఫోన్‌కు వచ్చిన వీడియోను మాత్రం ముఖం చూసి నమ్మేస్తాడు. అచ్చం ఆయన గొంతేనని, పెదాల కదలిక సరిపోయిందని కంటితోనే తీర్పు చెప్పేసి పక్క గ్రూపులోకి తోసేస్తాడు.

ముఖం చూసి ఫైలు జాతకం చెప్పే రోజులు అయిపోతున్నాయి. ఇకపై అడగాల్సింది అది ఎక్కడ పుట్టి, ఎవరెవరి చేతులు మారి మన దాకా వచ్చిందనే. ఆ చరిత్రనైనా ఫైలు తన గురించి తాను చెప్పుకుంటే విలువ అంతంతమాత్రం. ఫైలుతో లాభనష్టాలు లేని మూడో చోట నమోదై ఉంటేనే అది సాక్ష్యానికి నిలుస్తుంది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖం అతికించిన లిఫ్టు వీడియో దేశమంతా తిరిగినప్పుడు దాని గుట్టు రట్టయిన తీరు చూడండి. సందేహానికి తావు లేకుండా చేసింది చర్మపు నునుపును, కనురెప్పల కదలికను కొలిచే యంత్రమేమీ కాదు. దాని తల్లి ఫైలు దొరికింది. అక్టోబరు 9న మరో యువతి తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న వీడియో అది. రెండింటినీ పక్కపక్కన పెట్టాక వాదనకు ఏమీ మిగల్లేదు. లిఫ్టులోకి అడుగుపెట్టే తొలి క్షణంలో నకిలీలో సైతం ఆ యువతి ముఖమే ఉంటుంది, రెప్పపాటులో మారిపోతుంది. అసలు పక్కన ఉన్నప్పుడే ఆ రెప్పపాటు ఏం చెబుతోందో ఎవరికైనా తెలిసేది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఈ కేసులో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒకరిని అరెస్టు చేశారు.

కాగితానికి చరిత్ర వద్దన్నా అంటుకుంటుంది. మడత పడిన చోట చిరుగుతుంది, సిరా వెలుస్తుంది, తాటాకునైతే పురుగు తింటుంది. ఫైలుకు ఆ యోగం లేదు. వెయ్యోసారి కాపీ కొట్టినా మొదటిదానికీ చివరిదానికీ ఒక్క బిట్ తేడా రాదు. కాబట్టి ఫైలు చరిత్ర ఎవరో పనిగట్టుకుని రాస్తేనే ఉంటుంది. కొంత కంప్యూటరే రాసి పెడుతుంది, దాన్ని చదవడం తెలియాలి. విండోస్‌లో ఒక ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పెన్‌డ్రైవ్ నుంచి దించుకున్న పాత ఫైలైతే ఒక వింత కనబడుతుంది: క్రియేటెడ్ 2024 అని, మాడిఫైడ్ 2019 అని ఉంటుంది. పుట్టడానికి ఐదేళ్ల ముందే దిద్దారన్నమాట! గడియారం తప్పేమీ లేదు. మొదటిది ఈ డిస్కు మీద ఈ కాపీ పుట్టిన సమయం, రెండోది లోపలి రాతను చివరిసారి మార్చిన సమయం. ఈ తలకిందుల తేదీలను చూడగానే, ఫైలు వేరేచోటి నుంచి వలస వచ్చి ఉంటుందని ఫోరెన్సిక్ నిపుణుడు గ్రహిస్తాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘ఐఎంజీ’తో మొదలై తేదీ, ఆ వెనక ‘డబ్ల్యూఏ0007’ అని ముగిసే పేర్లు అందరూ చూసినవే. ఆ తేదీ ఫొటో తీసిన రోజు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అది వాట్సాప్ ద్వారా ఆ ఫోన్లోకి చేరిన రోజు. పదేళ్ల కిందటి వరద ఫొటో సైతం ఇవాళ ఫార్వర్డయితే ఇవాళ్టి పేరే పెట్టుకుంటుంది. పైగా పంపేటప్పుడు వాట్సాప్ ఫొటోను కుదించి, కెమెరా లోపల రాసిపెట్టిన వివరాలను తీసేస్తుంది. మన దేశంలో ఎక్కువ ఫొటోలు తిరిగే దారిలోనే వాటి పుట్టుపూర్వోత్తరాలు రాలిపోతున్నాయి.

ఆ రాలిపోయే వివరాలనే ఎక్సిఫ్ అంటారు. 1995లో జపాన్ పరిశ్రమ వర్గాలు తెచ్చిన ప్రమాణం ఇది. కెమెరా ఏ కంపెనీది, ఏ సమయంలో నొక్కారు, జీపీఎస్ ఉంటే ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర అన్నీ ఫొటో ఫైలు తలభాగంలో చేరతాయి. బెలీజ్ పోలీసులు ప్రశ్నించడానికి వెతుకుతున్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ 2012 డిసెంబరులో గ్వాటెమాలాలో ఉన్న సంగతి బయటపెట్టింది ఈ తలభాగమే. ఆయన వెంట ఉన్న పత్రిక బృందం ఫోన్‌తో తీసిన ఫొటోను ఉన్నదున్నట్టు ప్రచురించింది, అందులో చోటు అంకెలతో సహా ఉంది.

ఇంతకంటే లోతైన ఉదాహరణ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా నగరంలో జరిగింది. 1974 నుంచి 1991 దాకా పదిమందిని చంపి దొరక్కుండా తిరిగిన హంతకుడు 2004లో మళ్లీ పోలీసులకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. ఫ్లాపీ డిస్కులో పంపితే నా ఆచూకీ తెలుస్తుందా, నిజం చెప్పండి అని పోలీసులనే అడిగాడు. ఇబ్బందేమీ లేదని పోలీసులు పత్రికలో చిన్న ప్రకటన వేశారు. 2005 ఫిబ్రవరిలో స్థానిక టీవీ కేంద్రానికి ఊదారంగు ఫ్లాపీ వచ్చింది. అందులో పైకి కనబడే ఫైలులో ఆచూకీ ఏమీ లేదు. కానీ చెరిపేసిన ఒక వర్డ్ ఫైలు ఆనవాళ్లు డిస్కు మీదే ఉండిపోయాయి. దాన్ని లేపి చూస్తే రెండు మాటలు బయటపడ్డాయి: కంప్యూటర్ ఒక లూథరన్ చర్చి పేరు మీద ఉంది, చివరిసారి సేవ్ చేసిన మనిషి పేరు డెన్నిస్. ఆ చర్చి మండలి అధ్యక్షుడి పేరు డెన్నిస్ రేడర్ అని ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసిపోయింది. అదే నెల 25న అరెస్టు చేశారు. ముప్ఫై ఏళ్ల దర్యాప్తుకు అందనివాణ్ని అతను చెరిపేశాననుకున్న ఫైలు పట్టించింది. ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ సమాచారం నమ్మదగినదైంది వర్డ్ సాఫ్ట్‌వేర్ గొప్పతనం వల్ల కాదు, అది అక్కడ ఉందని హంతకుడికి తెలియకపోవడం వల్ల. తెలిసినవాడైతే ఆ పేరు మార్చడం నిమిషం పని. ఎక్సిఫ్ తేదీలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎవరైనా దించుకోవచ్చు.

ఫైలు చెప్పుకునే మాట అబద్ధమైనా, అది తయారైన కాలం ముద్ర మరోచోట పడవచ్చు. ఈ విద్య కంప్యూటర్ల కంటే చాలా పాతది. రాజు దానమిచ్చినట్టు దొంగ తామ్రశాసనాలు పుట్టించడం మన దేశంలో పురాతన వృత్తే. కూటశాసనం చేసేవాడికి మనుస్మృతి మరణదండన విధించింది. అలాంటి దొంగ శాసనాల జాబితాను శాసన పరిశోధకుడు జె.ఎఫ్. ఫ్లీట్ 1901లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రచురించాడు. పట్టుకునే పద్ధతుల్లో ముఖ్యమైనది లిపి. శాసనం మీద వేసిన సంవత్సరానికి ఆ అక్షరాల మెలిక ఇంకా పుట్టలేదు, కాబట్టి ఇది తర్వాతెవరో చెక్కించిందే అని తేల్చడం. సరిగ్గా ఇదే తర్కం 2017లో పాకిస్తాన్‌ను ఊపేసింది. ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబ ఆస్తుల దర్యాప్తులో ఆయన కుమార్తె సమర్పించిన పత్రాల మీద 2006 ఫిబ్రవరి తేదీ ఉంది, అక్షరాలేమో క్యాలిబ్రి ఫాంటువి. ఆ ఫాంటు విండోస్ విస్టా, ఆఫీస్ 2007లతో కలిసి మార్కెట్లోకి వచ్చింది 2007 జనవరి చివర. రాగిరేకు మీద లిపికీ తెల్లకాగితం మీద ఫాంటుకీ తేడా లేదు. అయితే షరీఫ్ పక్షం ఊరుకోలేదు: మార్కెట్లోకి రాకముందే ప్రయోగాత్మక విడుదలల్లో ఆ ఫాంటు అందుబాటులో ఉందని వాదించింది. అదీ నిజమే. మామూలు లా ఆఫీసులో అలాంటి ప్రయోగ సాఫ్ట్‌వేర్‌తో పత్రాలు తయారు చేస్తారా అన్నది వేరే ప్రశ్న. ఆమెకు 2018లో పడిన శిక్షను 2022లో ఇస్లామాబాద్ హైకోర్టు కొట్టేసింది. ఫాంటు ఒక్కటే రుజువైపోదు, అనుమానానికి బలమైన కారణం మాత్రం అవుతుంది.

‘అన్నీ మార్చగలిగినవే అయితే ఈ తవ్వకాలెందుకు?’ అన్న అభ్యంతరం ఇక్కడ సహజంగా వస్తుంది. దానికి జవాబు, ఒక జాడను మార్చడం తేలిక, అన్ని జాడలనూ ఒకదానితో ఒకటి పొసగేలా మార్చడం కష్టం. భీమా కోరేగావ్ కేసులో వాదం తిరుగుతున్నది ఈ పొసగడం మీదే. నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లో దొరికిన లేఖలే అందులో ముఖ్యమైన సాక్ష్యం. డిఫెన్సు కోరిక మీద దాని డిస్కు ప్రతిని పరిశీలించిన అమెరికన్ సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక లేఖల్లో ఏముందో పట్టించుకోలేదు, అవి ఎలా చేరాయో అడిగింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన ఫైలును తెరవడంతో నెట్‌వైర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ యంత్రంలోకి దిగిందని, 22 నెలలకు పైగా అది బయటివాళ్ల అధీనంలో ఉందని, లేఖలను ఒక దాచిన ఫోల్డరులో పెట్టారని తేల్చింది. ఆ లేఖలను ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా తెరిచిన జాడ లేదంది. మరో చిన్న విషయం ఇంకా పదునైనది: ఆ లేఖలు తయారైన వర్డ్ కంటే ఆ యంత్రంలో ఉన్న వర్డ్ పాతది. ఎన్ఐఏ ఈ నిర్ధారణలను ఒప్పుకోలేదు, విచారణలో తేలాల్సిన విషయం అది. తీర్పు ఎటు వచ్చినా ఒకటి స్పష్టం. ‘నీ కంప్యూటర్లో దొరికింది’ అన్న వాక్యానికి చరిత్ర తోడవకపోతే అది సగం వాక్యమే. స్థలంలో ఎవరి గుడిసె ఉందన్నదాన్ని బట్టే స్థలం ఎవరిదో చెప్పలేం గదా.

ఫైలు లోపలి మాట నమ్మలేం, డిస్కు మీది జాడల్ని ఏళ్ల తర్వాత నిపుణులు తవ్వాలి. ముందే ఎక్కడో నమోదు చేసే దారి లేదా? ఉంది. దాన్ని 1991లోనే స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. వాళ్లు అప్పుడు అమెరికాలో బెల్‌కోర్ టెలికాం పరిశోధనాలయంలో ఉన్నారు. ఫలానా పత్రం ఫలానా రోజుకే ఉందని రుజువు చేయడం ఎలా అన్నది వాళ్ల ప్రశ్న. మొదటి చిక్కు గోప్యత: నమోదు చేసేవాడికి పత్రం మొత్తం చూపించడం ఎవరికి ఇష్టం? దానికి హ్యాష్ సరిపోతుంది. ఎంత పెద్ద ఫైలునైనా ఒక గణిత యంత్రంలో వేస్తే చిన్న వరస బయటికొస్తుంది. ఇప్పుడు విరివిగా వాడే ఎస్‌హెచ్ఏ-256లో అది 64 గుర్తుల వరస. రెండు గంటల సినిమాలో ఒక్క ఫ్రేములో ఒక్క చుక్క రంగు మారినా ఆ వరస పూర్తిగా వేరైపోతుంది. వరస నుంచి వెనక్కి వెళ్లి సినిమాను రాబట్టడం మాత్రం అయ్యే పని కాదు. కాబట్టి వీలునామాను బయటపెట్టకుండానే వీలునామా వేలిముద్రను నమోదు చేయించవచ్చు.

రెండో చిక్కు అంతకంటే గట్టిది. నమోదు చేసేవాడే లంచం తిని పాత తేదీ వేస్తే? మన 1908 రిజిస్ట్రేషన్ చట్టం 16వ సెక్షన్‌లో దీనికి జవాబుంది: రిజిస్టరు పుస్తకాల పేజీలకు వరస నంబర్లు అచ్చులోనే ఉండాలి, మొత్తం ఎన్ని పేజీలో పుస్తకం ఇచ్చిన అధికారి ముఖపత్రం మీద ధ్రువీకరించాలి. మధ్యలో పేజీ దూర్చడానికి వీల్లేకుండా చేసిన ఏర్పాటది. హేబర్, స్టోర్నెట్టా దాన్నే గణితంలో కట్టారు. ప్రతి నమోదులో అంతకుముందు నమోదు తాలూకు హ్యాష్‌ను కలిపి ముడివేశారు. ఒక పాత నమోదును ముట్టుకుంటే దాని తర్వాతి గొలుసంతా తెగుతుంది. గొలుసు మొత్తాన్నీ నమోదు చేసే సంస్థే తిరగరాస్తే అన్న అనుమానమూ మిగలకుండా, వాళ్లు పెట్టిన ష్యూరిటీ సంస్థ 1995 నుంచి వారం వారం నమోదులన్నిటి సారంగా ఒక్క హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్‌లో, పోయినవి దొరికినవి అన్న చిన్న ప్రకటనల మధ్య అచ్చు వేయించింది. తేదీ మార్చాలనుకునేవాడు ప్రపంచంలోని గ్రంథాలయాలన్నిటిలో ఆ రోజు పత్రికను మార్చాలి. పిల్లి తప్పిపోయిందన్న ప్రకటన పక్కన అర్థం కాని అక్షరాల వరస: సాక్షి అంటే ఇంతకంటే నిష్పాక్షికంగా ఉండలేడేమో. 2008లో వచ్చిన బిట్‌కాయిన్ పత్రం ఉటంకించిన ఎనిమిది రచనల్లో మూడు వీళ్లవే. ఆ నాణేల మీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా, అడుగున ఉన్న గొలుసు మాత్రం పత్రాల తేదీ కోసం పుట్టింది.

మన న్యాయస్థానాలు కూడా మెల్లగా ఇక్కడికే వచ్చాయి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టంలోని 65బీ సెక్షన్ సర్టిఫికెట్ తప్పనిసరి అని 2014లో అన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో దాన్నే ఖాయం చేసింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, సర్టిఫికెట్ నమూనాలోనే హ్యాష్ విలువ రాయడానికి గడి పెట్టింది. ఒక భాగం ఫైలు ఇచ్చేవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపాలి. మంచి మార్పే. అయితే ఆ నమూనాలో ఎస్‌హెచ్ఏ-256 సరసన ఎస్‌హెచ్ఏ-1, ఎండీ5 పేర్లు కూడా చూస్తే ముక్కున వేలేసుకోవాల్సిందే. ఎండీ5లో రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే వేలిముద్ర తెప్పించవచ్చని చైనా గణితవేత్త షియావోయున్ వాంగ్ బృందం 2004లోనే చూపించింది. ఎస్‌హెచ్ఏ-1 సంగతి 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ సీడబ్ల్యూఐ, గూగుల్ పరిశోధకులు తేల్చారు: ఒకే హ్యాష్ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను బయటపెట్టారు. దానికి పట్టిన లెక్క ఒక్క ప్రాసెసర్ మీదైతే 6,500 ఏళ్ల పని, దానికి తోడు ఒక గ్రాఫిక్స్ ప్రాసెసర్ మీద 110 ఏళ్ల పని. నిజాయితీగా చెప్పాలంటే, ఈ దాడిలో రెండు ఫైళ్లనూ ఒకరే ముందుగా వండాలి. పోలీసులు స్వాధీనం చేసుకున్న పరాయి డిస్కుకు సరిపోయే జంటను పుట్టించడం ఇంకా ఎవరి వల్లా కాలేదు. ఆ మేరకు ప్రమాదం తక్కువ. కానీ తాళం కప్పల్లో మంచిది పక్కనే ఉండగా బద్దలైనదాన్ని కూడా జాబితాలో పెట్టడం దేనికి?

అసలైన అభ్యంతరం మరొకటి. హ్యాష్ చెప్పేది నమోదయ్యాక ఫైలు మారలేదని మాత్రమే. నమోదయ్యేనాటికి అది మంచిదో కాదో చెప్పదు. ఈసీ కూడా అంతే. ఏ లావాదేవీలు రిజిస్టరయ్యాయో చెబుతుంది గానీ అమ్మినవాడికి హక్కు ఉందని పూచీ పడదు. సాఫ్ట్‌వేర్ లోకంలో ఇది 2024లో ప్రత్యక్షంగా కనబడింది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే వ్యవస్థ ప్రతి మార్పునూ హ్యాష్‌లతో గొలుసు కట్టి, ఎవరు ఎప్పుడు ఏ వరస మార్చారో దాచిపెడుతుంది. ఫైళ్ల చరిత్ర విషయంలో మనిషి సాధించిన అత్యుత్తమ ఏర్పాటు బహుశా ఇదే. ఎక్స్‌జెడ్ అనే, లినక్స్ యంత్రాల్లో అంతటా ఉండే చిన్న సాఫ్ట్‌వేర్ కూడా గిట్‌లోనే ఉంది. ఆ ప్రాజెక్టులోకి మారుపేరుతో చేరి రెండేళ్లకు పైగా మంచి పనులు చేసి నమ్మకం సంపాదించిన వ్యక్తి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో రహస్య ద్వారం పెట్టాడు. దాన్ని తెరిచే చిన్న ఫైలు గిట్ చరిత్రలో లేదు. జనం దించుకునే విడుదల కట్టలో మాత్రమే ఉంది. లింకు డాక్యుమెంట్లు ఒక స్థలానికి, చూపించిన స్థలం మరొకటి అన్నమాట. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, యంత్రంలోకి లాగిన్ అయ్యే పని 0.299 సెకన్లలో కావాల్సింది 0.807 సెకన్లు పట్టడం చూసి, ఆ అర సెకను ఎటు పోయిందని తవ్వి మార్చి 29న బయటపెట్టాడు. చరిత్ర నిష్ఫలమని దీన్ని బట్టి అనేవారున్నారు. నిజానికి సరిపోల్చడానికి చరిత్ర ఉండబట్టే ఏ ఫైలు ఎక్కడ చేరిందో అంత త్వరగా తేలింది. పైగా ఆ మారుపేరు మనిషి రాతల్లో ఎక్కువగా తూర్పు ఆసియా కాలమానం, అక్కడక్కడ తూర్పు ఐరోపా కాలమానం నమోదయ్యాయి. ఏది వేషమో ఏది నిజమో ఇంకా తేలకపోయినా, వేషం జారిన చోట్లు చరిత్రలో భద్రంగా ఉన్నాయి.

కెమెరాలోనే ఫొటోకు సంతకం పెట్టిస్తే సరిపోదా అన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. కెనాన్ అలాంటి ఏర్పాటు అమ్మింది. 2010లో మాస్కో కంపెనీ ఎల్కామ్‌సాఫ్ట్‌కు చెందిన ద్మిత్రీ స్క్ల్యారోవ్ కెమెరా లోపల ఉన్న రహస్య కీని బయటికి లాగి, చంద్రుడి మీద సోవియట్ జెండా నాటుతున్న వ్యోమగామి ఫొటోకు ‘అసలు’ అన్న ముద్ర వేయించి చూపించాడు. 2021 ఫిబ్రవరిలో అడోబీ, మైక్రోసాఫ్ట్, బీబీసీ, ఇంటెల్, ఆర్మ్, ట్రూపిక్ కలిసి సీటూపీఏ అనే కూటమి పెట్టాయి. తీసిన కెమెరా, చేసిన సవరణలు వరసగా సంతకాలతో ఫైలుకు అంటుకుని ఉండాలన్నది దాని ప్రమాణం. 2023 అక్టోబరులో లైకా ఎం11-పీ ఆ సదుపాయంతో వచ్చిన తొలి కెమెరా. 2025లో నికాన్ జడ్6-3 కెమెరాలో దీనికి దొడ్డిదారి దొరికింది: సంతకం లేని బొమ్మను, ఒక ఫొటో మీద మరొకటి పేర్చే సదుపాయంతో లోపలికి తెచ్చి కెమెరా చేతనే సంతకం పెట్టించారు. నికాన్ సేవను ఆపి, ఇచ్చిన సర్టిఫికెట్లను రద్దు చేసింది. పదిహేనేళ్ల తేడాతో అదే కథ మళ్లీ జరిగినట్టు కనిపిస్తుంది గానీ ఒక మార్పుంది. 2025లో రద్దు చేయగల సర్టిఫికెట్ ఉంది, అంటే సంతకం విలువ కెమెరా పెట్టె లోపల ముగిసిపోకుండా బయట ఒక రిజిస్టరులో ఉంది. సాక్షి కూడా అబద్ధమాడవచ్చు. ఆడాడని తెలిసిన రోజున ఆ మాటను పుస్తకంలో కొట్టేసే వీలుండటమే ముఖ్యం.

ఇక్కడే ఒక కలగాపులగం జరుగుతోంది. ఫైలు చరిత్ర కావాలనడం, దాన్ని పంపిన మనిషి ఆచూకీ కావాలనడం ఒకటేనన్నట్టు పాలకులు మాట్లాడుతున్నారు. 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనల్లో 4(2) ప్రకారం, పెద్ద మెసేజింగ్ సంస్థలు ఒక సందేశాన్ని దేశంలో మొట్టమొదట పంపినవారెవరో ఆదేశం వస్తే చెప్పగలగాలి. ఎన్‌క్రిప్షన్‌ను పగలగొట్టకుండా ఇది కుదరదంటూ వాట్సాప్ ఆ మే నెలలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. గోప్యత వాదనను కాసేపు పక్కనబెట్టి, మూలాన్ని పట్టుకోవడమనే పని ఇందులో ఎంత నెరవేరుతుందో చూడండి. అసలు పంపినవాడు విదేశంలో ఉంటే, మన దేశంలో మొదట పంపినవాణ్నే తొలి కర్తగా భావించాలని ఆ నిబంధనే అంటుంది. దుబాయ్ నుంచి వచ్చిన వీడియోను కరీంనగర్‌లో తన చెల్లెలికి పంపినవాడు చట్టం దృష్టిలో దాని సృష్టికర్త అయిపోతాడు. వెతికి కనుక్కోవాల్సిన మూలాన్ని నిబంధన తానే నియమించేస్తోంది. పైగా వీడియో అంచు రవ్వంత కత్తిరిస్తే హ్యాష్ మారుతుంది, కొత్త ‘తొలి కర్త’ పుడతాడు. హేబర్, స్టోర్నెట్టా పద్ధతిలో పత్రం గోప్యంగా ఉంటుంది, దాని తేదీ బహిరంగంగా ఉంటుంది. ఇక్కడ మనిషి బహిరంగమవుతాడు, ఫైలు ఎక్కడ పుట్టిందో తెలియకుండానే ఉంటుంది. మనకు కావాల్సింది మొదటిది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసేది పేదవాడి ఫైలు. సంతకం పెట్టే కెమెరాలు పేదవాడికి అందే ధరలో లేవు. రేపు ముద్ర ఉన్న ఫొటోలే నమ్ముతామంటే, లాఠీచార్జిని పాత ఫోన్‌తో తీసిన కూలీ గతి ఏమిటి? తెలంగాణ పల్లెల్లో ఎవరికైనా సాదా బైనామా అంటే తెలుసు: రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేక తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు. కాగితానికి చట్టబలం లేదు గానీ రైతు డబ్బిచ్చింది నిజం, పదేళ్లుగా దున్నుతున్నది నిజం. చరిత్ర నమోదు కాకపోవడం అబద్ధానికి రుజువు కాదు. దీన్ని మరిచిపోతే లాభపడేది నేరస్తులే. నిజమైన వీడియోను చూపించినా ‘ఏఐతో చేశారు’ అని తప్పించుకుంటారు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు బాబీ చెస్నీ, డానియెల్ సిట్రన్ దీనికి అబద్ధాలకోరుకు దక్కే లాభాంశం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. సాదా బైనామా విషయంలో రెవెన్యూ వాళ్లు ఏం చేస్తారు? పొలం దగ్గరికి వెళ్లి నాలుగు హద్దుల రైతులను పిలిచి అడుగుతారు. పుట్టుక తెలియని ఫైలుకూ హద్దు రైతులుంటారు.

2018 జులైలో సోషల్ మీడియాలోకి ఒక వీడియో వచ్చింది. సైనిక దుస్తుల్లో ఉన్న మనుషులు ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పిల్లలను నడిపించుకుపోయి కాల్చి చంపుతారు. తీసినవారెవరో తెలియదు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరం ఏదీ అందులో లేదు. కామెరూన్ ప్రభుత్వం అది తమ దేశం కాదు, తప్పుడు వార్త అంది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం వీడియో మొదట్లో దూరంగా కనబడే కొండల వరసను తీసుకుంది. ఆ గీతను ఉపగ్రహ చిత్రాల మీద నేల ఎత్తుపల్లాలతో పోల్చుకుంటూ పోతే ఉత్తర కామెరూన్‌లో నైజీరియా సరిహద్దు దగ్గరున్న జెలెవెట్ ఊరి పక్క కొండతో సరిపోయింది. దారి పక్కన కనబడే ఒక ఇల్లు 2016 నాటి ఉపగ్రహ చిత్రాల్లో లేదు, కాబట్టి కాల్పులు అంతకుముందే జరిగాయి. కాలిబాటలు ఎండాకాలంలోనే కనబడేవి. నడుస్తున్న సైనికుల నీడల పొడవును బట్టి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో లెక్కగట్టి, 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య అని రోజులు కూడా తేల్చారు. ప్రభుత్వం ఏడుగురు సైనికులను అరెస్టు చేసింది. 2020 సెప్టెంబరులో సైనిక న్యాయస్థానం వాళ్లలో నలుగురికి పదేళ్ల జైలుశిక్ష వేసింది.